నడుస్తూ వాన మొదలైంది

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఆరు నెలలు కూర్చున్నా, ఇంగ్లీషు మాక్ టెస్టుల్లో మాడిఫయర్ (వాక్యంలో మరో మాటను వివరించే పదం లేదా పదాల గుంపు) ప్రశ్నలు నన్ను వదల్లేదు. ‘వాకింగ్ టు ద లైబ్రరీ, ద రెయిన్ స్టార్టెడ్’. ఇందులో తప్పేంటో ఎంతకీ కనిపించేది కాదు. ‘లైబ్రరీకి నడుస్తుంటే వాన మొదలైంది’ అని మనం చక్కగా అంటాం కదా!

చిక్కు అక్కడే ఉంది. మన ‘నడుస్తుంటే’కి కర్త వేరైనా ఫర్వాలేదు. ‘నడుస్తూ’కి మాత్రం కుదరదు. ‘నడుస్తూ వాన మొదలైంది’ అంటే వానే నడిచినట్టు. ఇంగ్లీషులో వాక్యం మొదట్లో వచ్చే ఆ ‘వాకింగ్’ మన ‘నడుస్తూ’ లాంటిది. అప్పట్నుంచి కామా దాటగానే వచ్చే నామవాచకం దగ్గర పెన్సిలు ఆపి, నడిచేది ఇదేనా అని చూసుకుంటున్నాను. ‘వైల్ ఐ వాజ్ వాకింగ్’ అని కర్తను లోపలే పెడితే వాక్యం సరిపోతుంది.

సర్వనామాలకి ఇంత తంటా లేదు. ‘హి కాల్డ్ రవి అండ్ ఐ’లో రవిని కొట్టేసి చదవండి: ‘హి కాల్డ్ ఐ’. అక్కడ ‘మి’ కావాలని చెవికే తెలిసిపోతుంది. ‘బిట్వీన్ యు అండ్ ఐ’కి ఈ కిటుకు పనిచెయ్యదు. ‘బిట్వీన్’ లాంటి ప్రిపోజిషన్ తర్వాత ‘మి’ అని గుర్తుపెట్టుకోవాల్సిందే.

నిన్నటి మాక్‌లో మాడిఫయర్ల మీద నాలుగు ప్రశ్నలొచ్చాయి, నాలుగూ కరెక్టయ్యాయి.