పీఆర్వో ఇంటికొస్తే తొందరపడకుండా ఇంజనీరింగ్ సీటు తెచ్చుకోవడం ఎలా?

తెలంగాణలో ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ ర్యాంకులు వచ్చాయంటే చాలు, దేవరకొండ, అచ్చంపేట, నారాయణపేట వైపు ఊళ్లలో ఇంటి ముందు పీఆర్వో, అంటే ప్రైవేటు కాలేజీకి పిల్లల్ని చేర్పించే మనిషి, బండి ఆపుతాడు. "సీట్లు అయిపోతున్నయన్నా, మెమో ఇయ్యి, పదివేలు కట్టు, మిగతాది మేం చూసుకుంటం" అంటాడు. చేర్పించిన ఒక్కొక్కరి మీద ఆయనకు కమీషన్ ఉంటుంది, తొందరంతా అందుకే. ఒరిజినల్ మెమోలు, టీసీ ఒక్క రాత్రికైనా ఇవ్వకండి. జిరాక్స్ కూడా ఇవ్వనక్కర్లేదు.

ముందు ఒక్క మాట అడగండి: ఇది ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి వచ్చే కన్వీనర్ సీటా, కాలేజీయే నేరుగా ఇచ్చే మేనేజ్‌మెంట్ సీటా? ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. మేనేజ్‌మెంట్ సీట్లకు, కౌన్సెలింగ్ అయ్యాక మిగిలితే కాలేజీలోనే నింపే స్పాట్ సీట్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే ప్రభుత్వం కట్టే ఫీజు, రాదు. కన్వీనర్ సీటైనా, 10,000 దాటిన ర్యాంకు బీసీ, ఈబీసీ (ఓసీల్లో ఆదాయం తక్కువున్న) పిల్లలకు సాధారణంగా ఏటా 35,000 వరకే వస్తుంది. ఫీజు లక్ష ఉంటే మిగతా 65,000 మీదే, నాలుగేళ్లకు 2,60,000. ఈ లెక్క ఇంట్లో కూర్చుని ముందే వేసుకోండి.

తర్వాత సర్టిఫికెట్లు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, మెమోలు, టీసీ, ఆధార్, కులం, ఆదాయం. ఆదాయ సర్టిఫికెట్ ఆ ఏడాది జనవరి 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. పాతది పట్టుకెళ్తే రీయింబర్స్‌మెంట్ దగ్గర చిక్కొస్తుంది. మీసేవలో ముందే పెట్టుకోండి, సర్టిఫికెట్లు చూపించే స్లాట్ ముందురోజు పరుగెత్తితే చేతికి రాదు.

అసలు సీటు తేలేది వెబ్ ఆప్షన్ల దగ్గర, అంటే కావాల్సిన కాలేజీలు, బ్రాంచ్‌లు ఆన్‌లైన్‌లో వరసగా పెట్టే దగ్గర. నిరుడు ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో చెప్పే చివరి ర్యాంకుల జాబితాలో మీ కులం, అబ్బాయి లేదా అమ్మాయి కాలమ్ చూసి, కాలేజీ కోడ్, బ్రాంచ్ నోటుబుక్కులో రాసుకోండి. ర్యాంకుకు కాస్త అందనివైనా ఇష్టమైనవి పైన, అందేవి మధ్యలో, తప్పక వచ్చేవి కింద. నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ, వనపర్తి జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీలనూ చూడండి. కంప్యూటర్ పైనుంచి వెతుక్కుంటూ వచ్చి, మొదట దొరికిన సీటే ఇస్తుంది. చేరడం ఇష్టంలేని కాలేజీని పైన పెడితే అదే అంటుకుంటుంది, దాని కింద రాసిన మంచి కాలేజీని ఇక చూడదు.

మోసం జరిగేదీ ఇక్కడే. "ఆప్షన్లు మేం పెడతం, ఓటీపీ చెప్పు" అని నెట్ సెంటర్లో కూర్చోబెట్టి, తమ కాలేజీ కోడ్‌ను ఒకటో నంబరులో పెట్టి ఫ్రీజ్ (ఆప్షన్లు ఖాయం చేసే బటన్) కొట్టేస్తారు. ఆ తర్వాత మార్చడానికి వీలుండదు. రిజిస్ట్రేషన్‌కు ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరే ఇవ్వండి, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి. ఆప్షన్ల గడువు చివరి రోజు పిల్లలతోనే లాగిన్ చేయించి, సేవ్ అయిన జాబితా ప్రింట్ తీసి, నోటుబుక్కు పక్కన పెట్టి వరసగా సరిచూడండి. అప్పుడే ఫ్రీజ్.

సీటు వచ్చాక గడువులోగా ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు తీసుకుంటున్నట్టు వెబ్‌సైట్‌లో చెప్పడం) చేయకపోతే సీటు పోతుంది. కాలేజీలో కట్టే ప్రతి రూపాయికీ, బస్సు ఫీజుకైనా సరే, కాలేజీ ముద్ర ఉన్న రసీదు తీసుకోండి. సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం ఒరిజినల్ మెమోలు చూసి తిరిగి ఇచ్చేయాలి. ఉంచుకుంటామంటే ఎందుకో రాసిమ్మని అడగండి. రీయింబర్స్‌మెంట్ కోసం ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈ-పాస్‌లో విడిగా దరఖాస్తు పెట్టాలి. డబ్బు ఆలస్యంగా వస్తే అంతదాకా మిమ్మల్ని కట్టమంటారేమో చేరే రోజే అడిగి తెలుసుకోండి.