ఎత్తు పోటీకి ఎగిరే ముందు

కంప్యూటర్‌లో ఫ్లైట్ సిమ్ (విమానం నడిపే ఆట) ఆడుతూ, రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాలతో ఎవరు ఎక్కువ ఎత్తుకు ఎక్కుతారో చూసే పోటీ ఇది, సరదాకే. అయినా సగం దారిలో ఇంజన్ పోతే మనసు చివుక్కుమంటుంది. అందుకే రన్‌వే మీద ఉండగానే ఇవి చూసుకోండి.

• అందరికీ ఒకే మ్యాప్, ఒకే వాతావరణం. ఇంధనం ఎంత శాతమో ముందే ఒప్పుకోండి, బరువు దగ్గరే గొడవలొస్తాయి. బాంబులు, డ్రాప్ ట్యాంకులు (అయిపోయాక జారవిడిచే అదనపు ఇంధన ట్యాంకులు) వద్దు.

• ఎత్తు అడుగుల్లోనా, మీటర్లలోనా? జర్మన్, రష్యన్ విమానాల్లో మీటర్ల లెక్క ఉంటుంది.

• సూపర్‌చార్జర్, అంటే గాలిని నొక్కి ఇంజన్‌కి అందించే పంపు. నా దృష్టిలో గెలుపోటములు తేలేది ఇక్కడే. బ్రిటిష్ స్పిట్‌ఫైర్ మార్క్ 9లో దాని గేరు దానంతటదే మారుతుంది. రష్యన్ లా-5లో మీరే మార్చాలి. మరిచిపోతే మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి) ముల్లు మెల్లగా కిందికి జారుతూనే ఉంటుంది. ఆ గేరు మార్చే మీట ఏ బటన్‌కి ఇచ్చారో ఒకసారి నొక్కి చూసుకోండి.

• పైకి ఎక్కేటప్పుడు మీ విమానానికి ఉండాల్సిన వేగం ఎంతో కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. 30,000 అడుగుల దగ్గర గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్నదాంట్లో సుమారు 37 శాతమే. అందుకే అక్కడ వేగం చూపే ముల్లు గంటకు 160 మైళ్లు చూపిస్తుంటే అసలు వేగం 260 దాకా ఉంటుంది. ఆత్రంగా ముక్కు పైకి లాగితే స్టాల్ అయి (రెక్కలు విమానాన్ని మోయలేక పడిపోయి), కష్టపడి ఎక్కిన ఎత్తంతా క్షణాల్లో పోతుంది.

• రేడియేటర్ మరీ తెరిస్తే డ్రాగ్ (వెనక్కి లాగే గాలి నిరోధం), మరీ మూస్తే వేడి. ఉష్ణోగ్రత ముల్లు మీద ఓ కన్నుండాలి.

• ఆక్సిజన్ వాల్వ్ ఉన్న సిమ్‌లో అది నేల మీదే తెరవండి. తెర మసకబారాక వెతుక్కుంటే ఆలస్యమే.

• దిగేటప్పుడు నిట్టనిలువుగా డైవ్ చేయకండి, కంట్రోళ్లు బిగుసుకుపోతాయి.