షుగరు పిల్లిని ఒకరికి అప్పగించి ఊరు వెళ్ళినప్పుడు: సమస్య - పరిష్కారం

ఇన్సులిన్ మీద ఉన్న పిల్లిని చెన్నైలో ఎవరికో అప్పగించి, పండక్కో పెళ్ళికో నెల్లూరు, విజయవాడ వైపు రైలెక్కే వారి కోసం ఇది రాస్తున్నాను. మెడ వెనుక చర్మం పైకెత్తి సూది ఎలా వేయాలో, రెండు పూటల మధ్య 12 గంటల ఎడం ఎందుకు ఉండాలో, గ్లూకోమీటరుకు చెవి అంచు నుంచి రక్తపు చుక్క ఎలా తీయాలో మీకు తెలుసుననే అనుకుంటున్నాను. మీరు వెళ్ళిన తరువాత వచ్చే ఫోన్లలో ఫిర్యాదు ఏదైనా సరే, మొదట అడగవలసిన ప్రశ్న ఒకటుంది: సిరంజి గొట్టం మీద ఏ అంకె అచ్చయి ఉంది? ఎన్నిసార్లు చెప్పినా ఆ ప్రశ్న వదిలేసి మిగిలినవన్నీ అడుగుతారు. అది ఎందుకు ముఖ్యమో కిందికి వెళ్ళాక వివరంగా చెబుతాను.

నీళ్ళు విపరీతంగా తాగుతోంది, ఇసుక పెట్టె తడిసి ముద్దవుతోంది

రక్తంలో చక్కెర పెరిగిందన్న మాట. చాలాసార్లు కారణం తిండి దగ్గరే దొరుకుతుంది. చూసుకునే వారు జాలిపడి ఎండు గుళికల గిన్నె రోజంతా నిండుగా ఉంచుతారు, లేదా తాము తింటున్న పెరుగన్నంలో ఒక ముద్ద పెడతారు. అడిగితే "ఏమీ పెట్టలేదండీ, కొంచెమే" అంటారు. పూటకు ఎంత పెట్టాలో తూచి, విడివిడి డబ్బాల్లో సర్ది వెళితే ఈ బాధ ఉండదు.

తిండి సరిగ్గానే ఉంటే, మందు చర్మం కిందికి పోకుండా బొచ్చు మీద పడిందేమో చూడాలి. సూది వేసిన చోట వెంట్రుకలు తడిగా ఉండి, ఆసుపత్రి వాసన లాంటిది వస్తే అదే జరిగిందని అర్థం. ఎంత లోపలికి పోయిందో తెలియదు కాబట్టి మళ్ళీ వేయకూడదు, తరువాతి పూట వరకు ఆగాలి.

మూడోది మందు పాడవడం. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెల చెన్నైలో కరెంటు లేని మధ్యాహ్నం వంటగది గట్టు మీద మరిచిపోయిన సీసాను నమ్మకూడదు. ఫ్రిజ్‌లో పై అర మీద, గడ్డకట్టే పెట్టెకు ఆనుకొని ఉండి ఒకసారి గడ్డకట్టిన సీసానైతే, తరువాత కరిగినా సరే, పారేయవలసిందే. మీ పిల్లికి రాసింది గ్లార్జిన్ అనే రకం ఇన్సులిన్ అయితే అది నీళ్ళలా తేటగా ఉండాలి, మసకబారితే వాడకూడదు.

తిండి ముట్టడం లేదు

కొత్త మనిషిని చూసి మొదటి పూట మంచం కింద దూరే పిల్లులు చాలా ఉంటాయి. దానికి కంగారు అక్కరలేదు, కానీ తినని పిల్లికి పూర్తి మోతాదు వేయకూడదు. ఎంత వేయాలో, అసలు వేయాలో వద్దో డాక్టరు గారిని ఫోనులో అడిగి చేయాలి. వాంతులు అవుతూ, నీరసించి, రోజంతా తినకపోతే ఫోనుతో సరిపెట్టుకోకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి, ఎందుకంటే ఇన్సులిన్ చాలక రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్ల పదార్థాలు) పేరుకోవడం మొదలైతే ఇంట్లో చేయగలిగింది ఏమీ ఉండదు.

తూలుతోంది, వణుకుతోంది, పిలిస్తే పలకడం లేదు

చక్కెర పడిపోయింది. గ్లూకోమీటరులో 60 కన్నా తక్కువ కనిపిస్తే సందేహమే లేదు. మీటరు దొరక్కపోతే వెతుకుతూ కూర్చోవద్దు. మింగగలిగే స్థితిలో ఉంటే వెంటనే తిండి పెట్టాలి. తినలేకపోతే తేనె గానీ చిక్కగా కలిపిన గ్లూకోజు నీళ్ళు గానీ వేలితో చిగుళ్ళకు రాయాలి. స్పృహ లేని పిల్లి నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చిగుళ్ళకు తేనె రాస్తూనే ఆసుపత్రికి బయలుదేరాలి. తేరుకున్నట్టు కనిపించినా వెళ్ళాలి, ఎందుకంటే తేనె పని కొద్దిసేపట్లో అయిపోతుంది, ఇన్సులిన్ ఇంకా గంటల తరబడి పనిచేస్తూనే ఉంటుంది. డాక్టరు గారు చెప్పే వరకు తరువాతి సూది వేయకూడదు.

ఇక ఇలా ఎందుకు జరిగింది? తినకముందే సూది వేశారా, ఇద్దరు మనుషులు ఒకరికి తెలియకుండా ఒకరు వేశారా అని అందరూ అడుగుతారు. అవి అడగవలసినవే. రెండింటికీ "లేదు" అనే జవాబు వచ్చాక చాలామంది అక్కడితో ఆగిపోతారు. అసలు దొంగ ఆ తరువాత ఉన్నాడు.

మన దేశంలో ఇన్సులిన్ రెండు బలాలలో దొరుకుతుంది. మనుషులు వాడే సీసాలలో చాలా భాగం మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, వాటి సిరంజికి ఎర్ర మూత ఉంటుంది. పిల్లులకు తరచుగా రాసే గ్లార్జిన్ మిల్లీలీటరుకు 100 యూనిట్లది, దాని సిరంజికి నారింజ రంగు మూత ఉంటుంది. అమెరికాలో మనుషుల మందుల షాపులో దొరికే మామూలు ఇన్సులిన్ సిరంజి 100 బలానిది. ఇక్కడ మెడికల్ షాపులో ఏ వివరమూ చెప్పకుండా "ఇన్సులిన్ సిరంజి ఇవ్వండి" అంటే చేతికి వచ్చేది ఎక్కువగా ఎర్ర మూతదే.

మీ పిల్లికి గ్లార్జిన్ 2 యూనిట్లు అనుకుందాం. నారింజ మూత సిరంజిలో 2 గీత వరకు లాగితే 0.02 మిల్లీలీటరు వస్తుంది, అది సరైన మోతాదు. అదే మందును ఎర్ర మూత సిరంజిలో 2 గీత వరకు లాగితే 0.05 మిల్లీలీటరు వస్తుంది, అంటే పిల్లి ఒంట్లోకి 5 యూనిట్లు వెళతాయి. మీరు ఫోనులో "రెండు యూనిట్లేగా వేశారు?" అని అడుగుతారు, వారు "అవునండీ, రెండే" అంటారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, మోతాదు మాత్రం రెండున్నర రెట్లయింది. సూది వేసిన వెంటనే ఏమీ కనిపించదు. ఉదయం వేస్తే ఏ మధ్యాహ్నానికో, ఇంట్లో ఎవరూ లేని వేళ పిల్లి తూలుతుంది. అందుకే దీన్ని సూదితో ముడిపెట్టడం ఎవరికీ తోచదు.

ఈ పొరపాటు చేతకాని వారి దగ్గర జరుగుతుందని అనుకోవద్దు. నేను చూసినంతలో చేయి తిరిగిన వారి దగ్గరే ఎక్కువ. పక్క ఫ్లాటులోని పిన్నిగారు స్వయంగా షుగరు మనిషి, ఏళ్ళ తరబడి తనకు తానే సూది వేసుకుంటున్నారు, "నాకు అలవాటేనమ్మా, నువ్వు నిశ్చింతగా వెళ్ళిరా" అంటారు. మీరు ఇచ్చిన సిరంజిలు అయిపోయిన రోజునో, ఒకదాని సూది వంగిన రోజునో, తన డబ్బాలోంచి ఎర్ర మూతది తీసి వేస్తారు. ఆవిడ లెక్కలో అవీ ఇవీ ఒకటే. మీ ప్రయాణం అనుకోకుండా పొడుగైపోవడం దీనికి సరిగ్గా తోడవుతుంది.

తిరగేసిన పొరపాటూ ఉంది. పిల్లి వాడేది 40 బలం మందైతే, దాన్ని 100 సిరంజిలో 2 గీత వరకు లాగినప్పుడు 0.8 యూనిట్లే వస్తాయి. చక్కెర దిగదు. మోతాదు చాలడం లేదనుకొని ఎవరో పెంచుతారు, ఆ తరువాత సరైన సిరంజి చేతికి వచ్చిన రోజున పెంచిన మోతాదు మొత్తం పడి పిల్లి కూలబడుతుంది. మొదట చెప్పిన నీళ్ళు తాగే ఫిర్యాదుకు కూడా సిరంజి ప్రశ్నే ముందు అడగమన్నది ఇందుకే.

సిరంజి బలం సరిపోయినా గీతలు మోసం చేయవచ్చు. 100 బలం సిరంజిలలో ఒక మిల్లీలీటరు పట్టే పెద్ద రకానికి సాధారణంగా ఒక్కో చిన్న గీత రెండు యూనిట్లు. మొదటి గీత ఒక యూనిట్ అనుకునే వారికి ఆ సిరంజి ఇవ్వకూడదు. 0.3 మిల్లీలీటరు రకం కొనండి, దానిలో ఒక్కో యూనిట్ విడిగా కనిపిస్తుంది.

పరిష్కారం ఖరీదైనది కాదు. వెళ్ళే రోజులకు కావలసిన దానికి రెట్టింపు సిరంజిలు కొని పెట్టండి. సీసాను, సిరంజిలను ఒకే డబ్బాలో ఉంచి, మూత మీద "ఈ మందుకు 100 అని రాసి ఉన్న సిరంజి మాత్రమే, లేకపోతే వేయవద్దు" అని పెద్ద అక్షరాలతో రాయండి. చూసుకునే వారికి తమిళమే వస్తే తమిళంలో రాయించండి. మూత రంగు ఒక్కటే నమ్మవద్దు, గొట్టం మీది అంకె చదవమని చెప్పండి. ప్రతి పూటా మందు లాగిన తరువాత, సూది వేయకముందు, గొట్టం మీది అంకె, పిస్టన్ అంచు రెండూ కనిపించేలా ఒక ఫోటో పంపమనండి. ఇంట్లో ఉన్న వేరే రకం సిరంజితో లెక్క కట్టి సర్దుకుందామని మాత్రం ఎవరికీ ఫోనులో చెప్పకండి. సరైన సిరంజి దొరికే వరకు ఒక పూట మానడం అంతకన్నా మేలు.

వేశామో లేదో గుర్తు లేదు

వేయవద్దు. ఒక పూట తప్పితే చక్కెర కొంచెం పెరుగుతుంది, రెండుసార్లు పడితే ప్రాణం మీదికి వస్తుంది. ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించి, వేసిన వెంటనే టిక్కు పెట్టిస్తే ఈ ప్రశ్న పుట్టదు.

ఇవేవీ కాకపోతే

మూత్రనాళంలో ఇన్ఫెక్షను, పంటి చీము, మరో జబ్బుకు వాడిన స్టెరాయిడ్లు చక్కెరను పెంచుతాయి. కొన్ని పిల్లులకు ఇన్సులిన్ అవసరం తగ్గిపోయి, అలవాటైన మోతాదే ఎక్కువవుతుంది. వీటిని చూసుకునే వారు తేల్చలేరు, మీరు ఊళ్ళోంచి ఫోనులోనూ తేల్చలేరు, డాక్టరు గారికే వదిలేయండి. మీరు చేయవలసిందల్లా వెళ్ళే ముందే ఆ డాక్టరు గారి నంబరు, మీరు వెళ్ళే తేదీలు, ఖర్చుకు అనుమతి ఇస్తూ మీ సంతకం ఉన్న కాగితం సిద్ధంగా పెట్టడం. వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉందిలే అని ఊరుకోకుండా, మీ ఇంటికి దగ్గరలో రాత్రి రెండు గంటలకు తలుపు తీసే క్లినిక్కు ఏదో ఫోన్ చేసి కనుక్కొని, దాని చిరునామా కూడా అదే కాగితం మీద రాయండి.