వరంగల్‌లో ప్లాట్ కొనేముందు నీటి దారి చూసుకోవడం ఎలా?

ప్లాట్ చూడ్డానికి చాలామంది ఎండాకాలంలోనే పోతారు. నేల ఎండి, రోడ్డు శుభ్రంగా, అంతా బాగానే కనిపిస్తుంది. నన్నడిగితే, గట్టి వాన పడిన మర్నాడు పోవడమే మంచిది. అంతదాకా ఆగలేకపోతే ఇలా చేయండి.

ముందు ఆ ప్లాటుకు ఎగువన ఏ చెరువుందో, దిగువన ఏదుందో తెలుసుకోండి. కాకతీయుల కాలం నుంచీ ఇక్కడివి గొలుసుకట్టు చెరువులు. ఒకటి నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు పోతాయి. మధ్యలో కాలనీలు లేచినా నేల వాలు మారలేదు. 2020 ఆగస్టులో నయీంనగర్ మునిగింది, 2023 జూలై చివర్లో భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడింది.

తర్వాత కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి పాత సంవత్సరాల చిత్రాలు వెనక్కి జరుపుతూ చూడండి. వానాకాలం తర్వాత తీసినవైతే నీళ్లు ఎంతదాకా నిలిచేవో తెలుస్తుంది.

ఇక కాగితాలు. ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, ఎవరు ఎవరికి అమ్మారో ఉంటుంది, నీటి సంగతి ఉండదు. అందుకే తహసీల్దార్ ఆఫీసులో గ్రామ నక్షా అడిగి, మీ సర్వే నంబరు పక్కన శిఖం (చెరువు నీళ్లు నిలిచే భూమి) గానీ వాగు గానీ ఉందేమో చూడండి. చెరువు ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు, ఇరిగేషన్ వాళ్లను అడగాలి. 2012 నాటి 168 జీవో ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న కుంటైతే 9 మీటర్లు వదలాలి. నాలా 10 మీటర్లకు మించి వెడల్పుంటే 9 మీటర్లు, అంతలోపైతే 2 మీటర్లు. "అన్నీ క్లియర్ సార్" అనే బ్రోకర్ మాట ఇక్కడ చెల్లదు.

చివరగా మత్తడి దగ్గర్నుంచి నాలా వెంబడి మీ ప్లాటు దాకా నడవండి. ఎక్కడ సన్నబడిందో, ఎక్కడ స్లాబు వేసి కప్పేశారో గమనించండి. చుట్టుపక్కల ప్రహరీల మీద నీటి చార ఎంత ఎత్తులో ఉంది? కొత్తగా కట్టేవాళ్లు పునాది ఎంత లేపుతున్నారు? పాత ఇళ్ల గడపలకు అడ్డంగా ఇటుకలు కట్టి ఉన్నాయా? కిరాణా షాపాయన్ని కాదు, అద్దెకున్నవాళ్లను అడగండి. అమ్ముకునేది ఏమీ లేదు కాబట్టి వాళ్లు దాచరు.

ఇటుకలు కనిపిస్తే బయానా ఇవ్వకండి.