అడవిపూల నడక, 4వ పాఠం: ఆకు ఎక్కడ మొదలవుతుంది?

పోయిన పాఠంలో పువ్వు రంగు, రేకుల లెక్క రాసుకోమన్నాను. కొండపల్లి అడవిలో నడిచొచ్చిన చాలామంది పుస్తకాల్లో ఒకటే మాట: "పసుపు, అయిదు రేకులు". ఆ తప్పు మీది కాదు, పాఠానిది. కొండగోగు, తంగేడు, రేల, తుత్తురబెండ, పల్లేరు అన్నీ పసుపే, అన్నిటికీ అయిదే రేకులు. అందుకని ఈ వారం చెబుతానన్న బూరుగును పక్కన పెట్టి ముందు ఈ చిక్కు విడదీద్దాం.

రేకులు వదిలి కేసరాలు, అంటే పువ్వు నడుమ పుప్పొడి మోసే సన్నని కాడలు, చూడండి. కొండగోగు ఎండు రాతి కొండల చెట్టు. ఫిబ్రవరి, మార్చిలో ఆకులన్నీ రాల్చిన కొమ్మల చివర అరచేతి వెడల్పు పువ్వు పూస్తుంది. లోపల లెక్కకందనన్ని కేసరాలు, దేనికది విడిగా ఉంటాయి. పేరులో గోగు ఉంది, ఆకూ గోంగూరలా చీలి ఉంటుంది. అయినా దగ్గరి చుట్టరికం లేదు: గోంగూర పువ్వులో కేసరాలన్నీ కలిసి నడిమధ్య గొట్టమవుతాయి. తుత్తురబెండలోనూ ఆ గొట్టమే. అయితే దాని పువ్వు విచ్చేది సాయంత్రం. పొద్దున్నే నడిచేవాళ్ళు చక్రంలాంటి కాయను బట్టే పోల్చుకోవాలి. పల్లేరు నేలమీద పాకుతుంది, ముళ్ళకాయే ఆనవాలు.

రేల, తంగేడు రెండింటికీ పదేసి కేసరాలు. రేలలో మూడు బాగా పొడుగ్గా, వంపు తిరిగి ఉంటాయి. గుత్తి కిందికి వేలాడుతుంది. తంగేడు పొద. ఆకు మొదట్లో, కాడకు రెండు పక్కలా చెవుల్లాంటి చిట్టి రేకలుంటాయి. అవి కనిపిస్తే పువ్వు లేకపోయినా తంగేడని రాసేయొచ్చు.

ఆ చెవులు మీకు దొరకలేదంటే తప్పుచోట వెతికినట్టే. పచ్చగా, చిన్నగా, విడిగా కనిపించిందల్లా ఆకు కాదు. ఈ ఒక్క పొరపాటు మొత్తం గుర్తింపును పాడుచేస్తుంది కాబట్టి నిదానంగా చదవండి. రైతు బజారు నుంచి తెచ్చిన కరివేపాకు కొమ్మ తీసుకోండి. రెబ్బ కొమ్మను కలిసే మూలలో చిన్న మొగ్గ ఉంటుంది. రెబ్బలోని ఒక్కో చిట్టాకు మూలలో వెతకండి, ఉండదు. మొగ్గ దేని మూలలో ఉంటే అదే ఆకు. అంటే మనం పోపులో దూసి వేసేవన్నీ చిట్టాకులు, రెబ్బంతా కలిపి ఒక్క ఆకు. మారేడు దళం మూడుగా కనిపించినా ఒకటే ఆకు. మునగలో రెబ్బలోంచి రెబ్బ చీలుతుంది, మూరెడు పొడవున్నా అదంతా కలిపి ఒకటే ఆకు. గోంగూర వేళ్ళలా చీలినా చీలిక కాడదాకా రాదు కాబట్టి అందులో చిట్టాకులే లేవు. మోదుగకు మూడు చిట్టాకులు. విస్తరి కుట్టేది వాటితోనే. బాడిదకూ మూడే, పువ్వూ ఎరుపే, కానీ దాని కొమ్మకు ముళ్ళుంటాయి. తంగేడు చెవులు కూడా మొగ్గ ఉన్న ఆ మూల దగ్గరే ఉంటాయి, చిట్టాకుల దగ్గర కాదు.

మొగ్గ ఆవగింజంత కూడా ఉండకపోవచ్చు. 10 రెట్ల చేతి భూతద్దం ఒక్కటి చాలు, బైనాక్యులర్స్ కన్నా నాకదే ఇష్టం. ఫొటోలు మూడు తీయండి: పువ్వు ముఖం, వెనక రక్షకపత్రాలు (రేకుల కింద ఉండే పచ్చని తొడిమె రేకులు), ఆకు కొమ్మను కలిసే చోటు. మూడోది లేని ఫొటోతో నేను పేరు చెప్పను. గైడు చెప్పిన పేరు రాసుకుని, కాయ ఎలా ఉంటుందో కూడా అడగండి. ఒకే పేరు ఊరూరా వేరే చెట్టుకుంటుంది. ఏదీ కోయకండి, రాలినవి చాలు.

అభ్యాసం: కొండవీడు నడకలోపు మీ వీధిలోనే వేప, చింత, కానుగ, మామిడి, గులాబీ, నేల ఉసిరి వెతికి, ఒక్కోదానికి మొగ్గ నుంచి కొస వరకు పూర్తి ఆకు గీయండి. నేల ఉసిరిని రెండుసార్లు గీయాలి: ముందు చూడగానే తోచినట్టు, తర్వాత తిప్పిచూసి, కాయ ఏ మూలలోంచి వేలాడుతోందో గమనించాక.