ఎస్‌టీపీ నీళ్లు మడికి పెడుతుంటే వచ్చే తేడాలు

బెంగళూరులో వైట్‌ఫీల్డ్ దగ్గర మా అపార్ట్‌మెంట్ వెనక చిన్న కూరగాయల మడి ఉంది. టమాటా, వంగ, కొత్తిమీర వేస్తాం. నీళ్లు మా ఎస్‌టీపీవే, అంటే అపార్ట్‌మెంట్ మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటువి. బ్యాక్టీరియాకు గాలి ఊదే బ్లోవర్ ట్యాంకు, ఆ తర్వాత సన్నటి పోగులతో వడకట్టే యూఎఫ్, క్రిముల్ని చంపే యూవీ దీపం, చివర్లో కాస్త హైపో (క్లోరిన్ ద్రావణం). ఎవరు ఏ సమస్య చెప్పినా మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ముందు వచ్చే సలహా "హైపో ఇంకో లీటరు పొయ్యండి". దాన్ని పక్కన పెట్టి, కిందివి చూడండి.

ఆకు కొసలు మాడుతున్నాయి, నీళ్లు మాత్రం తేటగా ఉన్నాయి

ఎరువు ఎక్కువైందనుకుని రెండు నెలలు యూరియా తగ్గించి చూశాం. ఏం మారలేదు. అసలు దొంగ బేస్‌మెంట్‌లో ఉన్న సాఫ్ట్‌నర్. బోరు నీళ్లు గట్టివి కాబట్టి సాఫ్ట్‌నర్ పెడతాం, దాన్ని రీజనరేట్ చెయ్యడానికి, అంటే మళ్లీ పనికొచ్చేలా చెయ్యడానికి, ఉప్పు మూటలు పోస్తాం, ఆ ఉప్పునీరు మోరీలోంచి నేరుగా ఎస్‌టీపీకి పోతుంది. బ్యాక్టీరియా ఉప్పును తినదు, యూఎఫ్ ఆపదు, యూవీకి దానితో సంబంధమే లేదు.

రీజనరేషన్ జరిగిన రోజు ఒకసారి, మామూలు రోజు ఒకసారి ఈసీ మీటరు (నీటిలో ఉప్పెంతో చెప్పేది) ముంచి చూడండి. మీటరు రీడింగు డెసీసీమెన్స్‌లో 0.7 లోపు ఉంటే భయం లేదు. 3 దాటితే చాలా పంటలకు కష్టం. బీన్స్, ఉల్లి, క్యారెట్ అంతకు ముందే దెబ్బతింటాయి. నేల పైన పెచ్చు కట్టి నీళ్లు ఇంకకపోతే సోడియం పని అనుకోవచ్చు, ల్యాబులో ఎస్ఏఆర్ (కాల్షియం, మెగ్నీషియంతో పోలిస్తే సోడియం ఎంతో చెప్పే లెక్క) కూడా అడగండి.

సాఫ్ట్‌నర్ ఉప్పునీటిని వేరే ట్యాంకులోకి మళ్లించండి. టైమర్ మీద కాకుండా వాడిన నీటిని బట్టి రీజనరేట్ అయ్యేలా సెట్ చేస్తే ఉప్పు ఖర్చూ తగ్గుతుంది. పాడైన మట్టికి జిప్సం వేసి, వాన నీళ్లతో బాగా తడపాలి. ఆర్వో పెట్టొచ్చు కానీ, దాని రిజెక్ట్ నీళ్లు ఇంకో తలనొప్పి.

యూవీ వెలుగుతోంది, ల్యాబు రిపోర్టులో ఈ.కోలై (మలం నుంచి వచ్చే క్రిమి) వస్తోంది

నీలంగా వెలుగుతోందంటే పని చేస్తున్నట్టు కాదు. సుమారు 9,000 గంటల తర్వాత, అంటే ఏడాదికి, క్రిమిని చంపే కిరణం తగ్గిపోతుంది. కరెంటు ఆపి, గాజు స్లీవ్ బయటికి తియ్యండి. మాది తీస్తే కెటిల్ అడుగున పేరుకునేలాంటి తెల్లటి పొర. సిట్రిక్ యాసిడ్‌లో నానబెట్టి తుడిస్తే పోయింది. అయినా క్రిములు వస్తుంటే నీటి మసక చూడండి. మసక కొలత 2 ఎన్‌టీయూ దాటితే ఆ రేణువుల చాటున క్రిములు బతికిపోతాయి. అప్పుడు వెతకాల్సింది యూఎఫ్‌లో తెగిన పోగు కోసం.

పోగు తెగితే పురుగుల గుడ్లు కూడా దాటొస్తాయి, వాటికి క్లోరిన్ లెక్కే లేదు. అది సరిచేసేదాకా కొత్తిమీరకు పెట్టకండి. వంగకు డ్రిప్‌తో ఇవ్వండి, వండుకునే తినండి.

కోలార్ వైపు చుట్టాలు "మా చెరువులకొచ్చే బెంగళూరు నీళ్లకి ఇవన్నీ ఎక్కడున్నాయి?" అంటారు. కేసీ వ్యాలీ పథకంలో 2018 నుంచి వెళ్తున్నది సెకండరీ ట్రీట్‌మెంట్ (బ్యాక్టీరియాతో చేసే శుద్ధి) నీరు, చెరువులు నింపి భూగర్భజలం పెంచడానికి. పచ్చిగా తినే ఆకు మీద చల్లడానికి కాదు.

హైపో ఎంత పోసినా క్లోరిన్ మిగలడం లేదు

ట్యాంకులో గాలి చాలక మురుగులోని అమ్మోనియా మిగిలిపోయింది. ఒక పాలు అమ్మోనియా నైట్రోజన్‌కు ఎనిమిది నుంచి పది పాళ్ల క్లోరిన్ ఖర్చవుతుంది, మీరు పోసేదంతా అక్కడికే. ఆపరేటర్‌ను మెల్లగా అడగండి, "అన్నా, రాత్రి బ్లోవర్ ఆపుతున్నావా?" అని. మా దగ్గర కరెంటు బిల్లు తగ్గించమని చెప్పింది కమిటీయే, పాపం అతన్ని తిట్టి లాభం లేదు. ట్యాంకులో ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర నిలపండి. హైపో డబ్బాలు ఎండలో పెట్టకండి.

డ్రిప్ మూసుకుపోతోంది

చివరి మూత తీసి వారానికోసారి నీళ్లు వదిలెయ్యండి. జిగురు వస్తే పాచి, గరుకుగా వస్తే సున్నం.