పక్షవాతం తర్వాత మాట రాని మనిషితో ఎలా మాట్లాడాలి

మా నాయనకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట రెండూ ఒకేసారి పడిపోయాయి. కోవూరులో చూడటానికొచ్చిన వాళ్లంతా ఆయన చెవి దగ్గర గట్టిగా అరిచేవాళ్లు. ఆయన చెవులు బాగానే ఉన్నాయి. పక్షవాతంలో మెదడు దెబ్బతిని ఇలా భాష పోవడాన్ని అఫేజియా అంటారు. చాలామందికి భాష చూసేది మెదడు ఎడమ సగం, కుడి పక్క కాలూ చెయ్యీ ఆడించేదీ అదే.

ముందు మీ మనిషిది ఏ రకమో గమనించండి. 1861లో పాల్ బ్రోకా అనే ఫ్రెంచి డాక్టరు చూసిన రోగి ఏం అడిగినా 'టాన్' అనేవాడు, ఎదుటివాళ్ల మాట మాత్రం చాలావరకు అర్థమయ్యేది. నాయనదీ ఆ బాపతే, అన్నిటికీ "అదీ... అదీ" అంటాడు. ఇంకో రకంవాళ్లు గడగడా మాట్లాడతారు గానీ అర్థం ఉండదు, మన మాటా సరిగా ఎక్కదు. వాళ్లకి సైగలు, వస్తువులు ఎక్కువ చూపించాలి.

అడిగేటప్పుడు టీవీ కట్టేయండి. "ఏం తింటావు నాయనా?" అంటే ఆయనకి కష్టం. దోసె, ఇడ్లీ రెండూ చూపిస్తే వేలు పెడతాడు. ఔను, కాదు తారుమారవుతుంటాయి. కాఫీ వద్దని తల ఊపుతూనే గ్లాసు అందుకుంటాడు, అందుకే మళ్లీ అడిగి ఖాయం చేసుకోవాలి. అడిగాక ఆగండి. మాట అందించాలని మన నోరు ఊరుకోదు. ఆయనే సాయం కోసం మన వంక చూస్తే మొదటి అక్షరం అందించండి. ఓసారి "చే..." అన్నాను, "చేపల పులుసు" అనేశాడు. అమ్మ వెంటనే బొమ్మిడాయిల కోసం నన్ను బజారుకి తరిమింది.

కొందరు పలకిచ్చి రాయమంటారు. రాత కూడా సాధారణంగా దెబ్బతింటుంది, మనిషికి టెన్షన్ తప్ప ఏమీ రాదు. "ఇదేంటో చెప్పు తాతా" అని పిల్లలచేత పరీక్ష పెట్టించేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మంచినీళ్లు అడగలేని నాయన కాటిసీను పద్యం రాగంతో సహా ఎత్తుకుంటాడు. అంకెలు, వారాలు, బూతులూ అంతే, తన్నుకొస్తాయి. నటిస్తున్నాడనుకోకండి, ఈ జబ్బులో అది మామూలే.

స్పీచ్ థెరపిస్టు దగ్గరకి తప్పక తీసుకెళ్లండి, నెలలు గడిచాక కూడా మెరుగు కనిపిస్తుంది. మాట శాశ్వతంగా దెబ్బతింటే సదరం సర్టిఫికెట్‌కి అడగండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో అఫేజియా పేరు ఉంది.

ఎవరికైనా ఉన్నట్టుండి మాట తడబడినా, మూతి వంకరపోయినా 108కి ఫోన్ చేయండి. ముందు సీటీ స్కాన్ తీయాలి, రక్తం గడ్డ కరిగించే సూది లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే వేయాలి. పసరు మందుకి కారు మాట్లాడుకునే టైము కూడా అందులోంచే పోతుంది.